ఇంటా బయటా: గూడుబండి మీద సూర్యుడు



పోయిన నెల మన సంఘం సమావేశంలో పులిహోర పళ్ళేలు చేతబట్టుకుని నిలబడి ఉండగా ఒక యువ దంపతులు మా దగ్గరకు వచ్చారు. ఈ మధ్యనే పెళ్ళయినవాళ్ళు. సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటారు ఇల్లు, అంటే ఇక్కడివాళ్ళు వోన్‌మొబిల్ అనే బండి, బేరమాడుతున్నారట. "బాబాయిగారూ, మీరు కిందటేడు నాలుగున్నర నెలలు అందులోనే కాపురం ఉన్నారు కదా! పైకప్పు మీద సోలార్ ప్యానెళ్ళు బిగిస్తే కరెంటుకు ఇంకెవరి మొహమూ చూడనక్కర్లేదని అమ్మేవాడు అంటున్నాడు. నిజమేనా?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు పులిహోర చల్లారేలోగా జవాబు చెప్పడం మా వల్ల కాలేదు. "వచ్చే నెల పత్రికలో రాస్తాం, చదువుకోండి" అని తప్పించుకున్నాం. ఇదిగో, ఈ నెల ఆ బాకీ తీరుస్తున్నాం.

ముందుగా, ఉన్న ఇల్లు వదిలి బండిలో ఎందుకు కాపురం పెట్టామో చెప్పాలి. సరదాకు కాదు. కిందటేడు ఆగస్టు చివర్లో, జీగెన్‌లో మేముంటున్న అద్దె ఇంట్లో గోడలో ఉన్న నీటి గొట్టం పగిలింది. మూడు రోజులు మాకు తెలియనే లేదు. తెలిసేసరికి హాలు, పడకగది నేలలు ఉబ్బిపోయాయి. నేల తవ్వాలి, ఆరబెట్టాలి, మళ్ళీ వెయ్యాలి అన్నారు. "ఆరు వారాలు" అన్న పని జనవరి దాకా సాగింది. ఇల్లు ఆరబెట్టడం కూడా ఇక్కడ ఒక శాస్త్రమే! మిషన్లు పెట్టి వారాల తరబడి ఊదుతారు. ఆ రొదలో మనిషి ఉండలేడు.

రిటైరయ్యాక తిరగడానికని రెండేళ్ళ క్రితం ఒక పాత బండి కొనుక్కుని ఉన్నాం. మా ఆవిడ దానికి మొదటి రోజునే "గూడుబండి" అని పేరు పెట్టింది. చిన్నప్పుడు వాళ్ళ తాతగారు పిల్లాజెల్లాతో, గిన్నెలతో, ఎండుగడ్డితో సహా గూడుబండి కట్టించుకుని కోటప్పకొండ తిరనాళ్ళకు తీసుకుపోయేవారట. బండికింద లాంతరు ఊగుతూ ఉండేదట. "ఎద్దులు లేవుగాని మిగతాదంతా అదే" అన్నది. మాటకు తగ్గట్టే, ఈ దేశంలో కూడా ఈ బండ్ల కథ ఒక ఆడమనిషి వల్లనే మొదలైంది. 1931లో ఆరిస్ట్ డెట్‌లెఫ్స్ అనే ఆయన, వ్యాపారం పని మీద తరచు ఊళ్ళు తిరిగేవాడు, చిత్రకారిణి అయిన తన కాబోయే భార్య కూడా వెంట రాగలిగేలా కారు వెనక తగిలించుకునే చిన్న ఇల్లు తయారుచేశాడు. జర్మనీలో మొదటి కారవాన్‌గా దాన్నే చెప్పుకుంటారు.

సరే, బండి ఉంది. నిలపడానికి చోటు కావాలి. రోడ్డు పక్కన పార్కింగులో అలసట తీర్చుకోవడానికి ఒక రాత్రి పడుకోనిస్తారుగాని కాపురం పెట్టనివ్వరు. ఊరికి ఉత్తరాన కొండవాలులో, మాకు చాలాకాలంగా పాలు, గుడ్లు ఇచ్చే రైతు ఒకాయన ఉన్నారు. డెబ్భై అయిదేళ్ళ పెద్దాయన. మా సంగతి విని, తన పచ్చిక బయలు చివర ఉన్న గట్టినేల చూపించి "ఇక్కడ పెట్టుకోండి" అన్నారు. అక్కడికి ఆయన గోడౌను నూటయాభై అడుగులు. "కరెంటు తీగ లాగమంటారా?" అని ఆయన ఆ రోజే అడిగారు. మేము తలెత్తి బండి పైకప్పు చూపించి, "అక్కర్లేదండీ, మాకు సూర్యుడున్నాడు" అన్నాం.

ఆ మాట అన్నది సెప్టెంబరు పదో తారీఖున. గుర్తుపెట్టుకోండి. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక మా ఆస్తి వివరాలు. పైకప్పు మీద 150 వాట్ల ప్యానెళ్ళు రెండు, చదునుగా పడుకోబెట్టి అతికించినవి. సీటు కింద 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి, 100 ఆంపియర్ అవర్లది. మధ్యలో చార్జ్ కంట్రోలర్. ఇంట్లో వాడే 230 వోల్టుల సామాన్లకు ఒక ఇన్వర్టర్. అంతే.

ఇదంతా ఎలా పనిచేస్తుందో మా ఆవిడకు చెప్పబోతే, ఆవిడే మాకు చెప్పింది. "బ్యాటరీ అంటే చెరువు. ప్యానెళ్ళు చెరువులోకి వచ్చే వాగు. కంట్రోలరు తూము దగ్గర నీరటికాడు. మన సామాన్లన్నీ ఆయకట్టు. ఇంతేగా?" అంతే! ఇంజనీరింగ్ చదివి ముప్ఫయి ఏళ్ళు ఉద్యోగం చేసిన మేము ఇంతకన్నా బాగా చెప్పలేం. చెరువు నిండితే అలుగు పారుతుంది. అంటే బ్యాటరీ నిండాక కంట్రోలరు ఇక చాలంటుంది, ఆపైన వచ్చిన ఎండ అంతా వృథాయే. వాగు ఎండితే చెరువులో ఉన్నదానితోనే కాలక్షేపం.

లెక్కకు కొలమానం కావాలి కనుక వాట్-అవర్‌ను ఒక రూపాయి అనుకుందాం. కరెంటు బిల్లులో మనమెరిగిన యూనిట్ అంటే అలాంటివి వెయ్యి. మా చెరువు నిండా నీళ్ళుంటే 1280 రూపాయలు. ఇది లిథియం కాబట్టి దాదాపు అంతా వాడుకోవచ్చు. పాతకాలపు లెడ్ బ్యాటరీ అయితే సగం దాటి వాడితే దాని ఆయుస్సు తరిగిపోతుంది. కొనేటప్పుడు యువ దంపతులు ఈ తేడా చూసుకోవాలి. ఇంకొకటి: లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో చార్జి చెయ్యకూడదు, పాడవుతుంది. అందుకే బయటి అరలో కాకుండా మనుషులుండే చోటనే పెట్టుకోవాలి.

ఇప్పుడు ఖర్చులు. కంప్రెసర్ ఫ్రిజ్‌కు వేసవిలో రోజుకు 350, చలికాలంలో 200. దీపాలు ఎల్.ఇ.డి.లు గనుక 40. టెలిఫోన్లు, కంప్యూటరు కలిసి 100, 150. నీళ్ళ పంపు పదో పదిహేనో. మిక్సీ చూడటానికి భయపెడుతుంది, 600 వాట్లు, కాని అయిదు నిమిషాలే కాబట్టి 50 రూపాయలతో పోతుంది. ఎలక్ట్రిక్ కుక్కర్లో అన్నం వండితే ఒక పూటకు 250. గది వెచ్చగా ఉంచేది ప్రొపేన్ గ్యాసు, కాని ఆ వేడిని ఊదే ఫ్యాను చలిరాత్రుల్లో 150 తింటుంది. ఇవికాక కంటికి కనిపించని దొంగ ఒకడున్నాడు. ఇన్వర్టర్! దానికేమీ తగిలించకపోయినా, ఊరికే ఆన్‌లో ఉంచితే గంటకు పదిహేను రూపాయల వంతున రోజుకు 350 దాకా మింగుతుంది. మేము ఈ దొంగను పట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది.

ఆఖరిది, అసలైనది. మాకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. పాఠకుల్లో చాలామందికి ఇది ఉండే ఉంటుంది, పైకి చెప్పుకోరు. రాత్రిపూట ముక్కుకు తొడుగు పెట్టుకుని సీపాప్ అనే మిషను గాలి తోస్తుండగా నిద్రపోవాలి. ఒక్క రాత్రి కూడా మానవద్దని డాక్టరుగారి ఆజ్ఞ. ఆ మిషన్లో గాలిని తడిపి వెచ్చబరిచే సదుపాయం ఒకటి ఉంటుంది. అదీ ఇదీ కలిపి రాత్రికి 450.

సెప్టెంబరులో మేము రాజాలం. రోజుకు సగటున 750 రూపాయలు వచ్చిపడ్డాయి. మేము ప్రతి సాయంత్రం ఒక నోటు పుస్తకంలో రాబడి రాసేవాళ్ళం. ఎండ బాగున్న రోజు మధ్యాహ్నం రెండింటికే చెరువు నిండి అలుగు పారేది. అలాంటి రోజున మా ఆవిడ "రండి, వృథాగా పోతోంది" అంటూ మిక్సీలో దోసెలపిండి రుబ్బేసేది. పన్నెండూ రెండూ మధ్య పిండి రుబ్బుకోవడం, కంప్యూటరు చార్జి చేసుకోవడం, నీళ్ళు కాచుకోవడం. అస్తమించాక ముడుచుకుని కూర్చోవడం. మన పల్లెల్లో పూర్వం జరిగినది ఇదే. పొద్దుండగానే పని ముగించుకోమని మా నాయనమ్మ గొంతు చించుకునేది. అప్పుడు కిరోసిను పొదుపు, ఇప్పుడు బ్యాటరీ పొదుపు.

నీడ సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఒకరోజు మంచి ఎండలో రాబడి సగానికి పడిపోయింది. తీగలు చూశాం, ఫ్యూజులు చూశాం. చివరికి నిచ్చెన వేసుకుని ఎక్కితే, ఒక ప్యానెల్ మూల మీద తడి ఆకులు నాలుగు అతుక్కుని ఉన్నాయి! ప్యానెల్‌లో సెల్స్ అన్నీ గొలుసులాగ ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. ఒకటి నీడలో పడితే దాని గుండా పారవలసిన కరెంటంతా బిగుసుకుపోతుంది. బైపాస్ డయోడ్‌లు ఆ ముక్కను పక్కన పెట్టి మిగతాదాన్ని కాపాడతాయిగాని, నష్టం నాలుగు ఆకులంత మాత్రం కాదు. బండి మీద డిష్ యాంటెనా పెట్టుకునేవాళ్ళు దాని నీడ ఎటు పడుతుందో చూసుకోవాలి. వేసవిలో బండిని చెట్టునీడన పెడితే మనకు చల్లన, ప్యానెల్‌కు ఉపవాసం.

ఇంకో వింత. ఎండ ఎంత తీవ్రంగా ఉంటే అంత కరెంటు అనుకుంటాం. వెలుతురు కావాలిగాని ఈ ప్యానెళ్ళకు వేడి గిట్టదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ నూటికి మూడోవంతు, ఆ పైన కాస్త శక్తి తగ్గుతుంది. రెంటచింతల వైశాఖంలో పైకప్పు మీద పెట్టిన ప్యానెల్ కూడా మనలాగే వడదెబ్బ తింటుందన్నమాట. ఇక్కడ ఏప్రిల్ నెలలో చల్లగాలి, తేటగా ఎండ ఉన్న రోజున మంచి రాబడి వస్తుంది.

అక్టోబరులో రాబడి 420కి దిగింది. ఖర్చులు తగ్గించాం. అన్నం గ్యాసు పొయ్యి మీద, మూడు విజిల్స్ కుక్కర్లో. ఇన్వర్టర్ పని ఉన్నప్పుడే ఆన్. ఇప్పటికీ మేము అధైర్యపడలేదు. రైతు పెద్దాయన ఆ దారిన వెళ్తూ "అంతా సరిపోతోందా?" అని అడిగితే "బ్రహ్మాండంగా!" అన్నాం. మా ఆవిడ మా వైపు చూసిన చూపు ఇక్కడ రాయం.

నవంబరు గురించి రాసేముందు జీగెన్ ఆకాశం గురించి ఒక మాట చెప్పాలి. చుట్టూ కొండలు, మధ్య జీగ్ నది, తరచు వాన, పొగమంచు. 1577లో చిత్రకారుడు రూబెన్స్ పుట్టిన ఊరిది. ఇక్కడే 1931లో బెర్న్ట్ బెహర్ అనే ఫోటోగ్రాఫరు పుట్టాడు. ఆయనా, భార్య హిల్లా బెహరూ ఒక ఫోక్స్‌వాగన్ వ్యానులో ఊళ్ళు తిరుగుతూ గనుల బురుజులు, నీళ్ళ ట్యాంకులు, ఈ ప్రాంతపు చెక్కచట్రాల ఇళ్ళు ఫోటోలు తీసి ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. నీడలు పడకూడదని వాళ్ళు కోరి కోరి మబ్బు పట్టిన రోజునే ఫోటోలు తీసేవారు. వాళ్ళకు ఇక్కడి ఆకాశం వరం. మాకు అదే శాపమైంది.

ఇది మబ్బుల తప్పు మాత్రమే కాదు, భూగోళం తప్పు కూడా. జీగెన్ దాదాపు 51వ అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిక్చక్రం పైకి 16 డిగ్రీల కన్నా ఎత్తు రాడు. హైదరాబాదులో అదే రోజు 49 డిగ్రీలు ఎక్కుతాడు. పైగా ఇక్కడ పగలు ఎనిమిది గంటలే. కప్పు మీద చదునుగా పడుకున్న ప్యానెల్‌ను ఆ వాలు కిరణాలు రాసుకుంటూ పోతాయిగాని దిగవు. ప్యానెల్‌ను దక్షిణానికి ఎత్తి నిలబెట్టే స్టాండు ఉంటే ఎండ ఉన్న రోజున రెండు మూడు రెట్లు రాబట్టుకోవచ్చు. మా దానికి లేదు. పైగా, పొగమంచులో ఎటు తిప్పినా ఒకటే.

నవంబరు రెండో వారంలో ఆదివారం సాయంత్రం చెరువు నిండుగా ఉంది. ఆ రాత్రి పొగమంచు దిగింది. సోమవారమంతా గోడౌను కనిపించలేదు. ఆ రోజు రాబడి 60. ఖర్చు 900. మంగళవారం ఫ్రిజ్ ఆపేసి పాలూ పెరుగూ ఒక డబ్బాలో పెట్టి బయట పెట్టాం. బయట ఫ్రిజ్ కన్నా చల్లగానే ఉంది కదా! రాబడి 50. పడుకునేటప్పుడు బ్యాటరీ మీటరు చూడలేదు. చూస్తే అడగవలసి వస్తుందని చూడలేదన్నది నిజం.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది. ఊపిరాడటం లేదు. చెరువులో మునిగిపోతున్నట్టు కల, కళ్ళు తెరిచినా కల పోలేదు. ముక్కుమీది తొడుగు పీకేసి లేచి కూర్చున్నాం. మిషను ఆగిపోయింది. గ్యాసు హీటరు ఫ్యాను కూడా ఆగిపోయింది. దీపం వెలగదు. మా ఆవిడ చేతులు తడిమితే మంచుముక్కల్లా ఉన్నాయి. ఆవిడ అప్పటికే మేలుకుని ఉంది. హీటరు ఆగిందని, నన్ను లేపితే నిద్ర పాడవుతుందని రెండు దుప్పట్లూ మా మీదే కప్పి కూర్చున్నదట. "ఏమండీ, నూటయాభై అడుగుల తీగ అడగడానికి మీకంత నామోషీ ఏమిటండీ?" అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

తెల్లవారాక కూడా మేము తీగ అడగలేదు. సిగ్గు అంత సులభంగా చావదు. బండి ఇంజను నడిస్తే దాని డైనమో నుంచి బ్యాటరీని చార్జి చేసే పరికరం మా బండిలో ఉంది, గంటకు 400 దాకా వస్తుంది. ఫ్రాయిడెన్‌బర్గ్ దాకా పోయి, అక్కడి నల్లచట్రాల తెల్ల ఇళ్ళ వరసలు పొగమంచులో సగం చూసి, తిరిగొచ్చాం. ఒక రాత్రి ఊపిరి కోసం డీజిలు తగలబెట్టామన్నమాట. సూర్యుణ్ణి నమ్ముకున్నవాళ్ళు చేసే పని!

ఆ సాయంత్రం మా ఆవిడ మాకు చెప్పకుండా గోడౌనుకు నడిచి వెళ్ళింది. పెద్దాయన అరగంటలో బయట వాడే మందపాటి రబ్బరు తీగ చుట్ట భుజాన వేసుకుని వచ్చారు. మేము ఏదో సంజాయిషీ చెప్పబోతే ఆపి, ఎదురుగా ఉన్న కొండను చూపించారు. అక్కడ అడవి గళ్ళ చీరలాగ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క పొట్టి, ఒక ముక్క పొడుగు. దాన్ని ఇక్కడ హౌబెర్గ్ అంటారు.

పాఠకుల్లో ఈ పేరు విననివాళ్ళ కోసం చెబుతున్నాం. ఈ జీగెర్‌లాండ్ ప్రాంతం క్రీస్తుకు పూర్వం నుంచీ ఇనుము కరిగించిన చోటు. కొలుములకు బొగ్గు కావాలి, బొగ్గుకు కట్టె కావాలి. ఇష్టం వచ్చినట్టు నరికితే పదేళ్ళలో కొండ బోడిగుండు. అందుకని ఇక్కడి ఊళ్ళవాళ్ళు శతాబ్దాల క్రితమే ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఓక్, బర్చ్ చెట్ల అడవిని పదహారు, ఇరవై ముక్కలు చేస్తారు. ఏడాదికి ఒక్క ముక్కే నరకాలి. మొదలు వదిలేస్తే చిగురు వేస్తుంది. నరికిన చోట ఒక పంట రై గింజలు చల్లుకుంటారు. తర్వాత పశువులను మేపుకుంటారు. ఓక్ బెరడు తోళ్ళు పదును చేసేవాళ్ళకు. ఇరవయ్యో ముక్క నరికేసరికి మొదటి ముక్క మళ్ళీ అడవి అయి ఉంటుంది. అడవి ఎవరి ఒక్కరిదీ కాదు, ఊరివాళ్ళందరికీ వాటాలు. ఇనుప గనులు 1960లలో మూతపడ్డా ఆ వాటాల సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. పెద్దాయన కూడా ఒక వాటాదారే.

ఆయన చెప్పిన దాని సారం ఇది: "మా తాతలు చెట్లు లెక్కపెట్టలేదు, ఏడాదికి ఎంత పెరుగుతుందో అది లెక్కపెట్టారు. అంతే నరికారు. చాలని ఏడు ఒకరిది ఒకరు తీసుకున్నారు. మీరు ఎంత వస్తుందో రాసుకున్నారుగాని, చాలని రోజుకు ఏం చేయాలో రాసుకోలేదు."

ఈ మాట మన నీరటికాడు కూడా చెప్పేవాడే! వర్షం సరిగా లేని ఏడు చెరువు కింద ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత, ఏది బీడు పెట్టాలి అన్నది ముందే తేల్చుకునేవారు. నీళ్ళు అడుగంటాక తేల్చుకుంటే తలలు పగులుతాయి.

ఆ రాత్రే నోటు పుస్తకంలో వరస రాశాం. మొదటిది ఊపిరి. రెండోది హీటరు ఫ్యాను. మూడోది ఒక దీపం, ఒక టెలిఫోను. ఫ్రిజ్ నాలుగోది. మిక్సీ, కంప్యూటరు, మిగతావన్నీ అలుగు పారిన రోజునే. ఊపిరి మిషన్‌కు ఇన్వర్టర్ తోడు లేకుండా నేరుగా 12 వోల్టులకు తగిలించే తీగ దొరుకుతుంది, అది కొన్నాం. డాక్టరుగారిని అడిగి తడిపే సదుపాయం తీసేశాం. 450 కాస్తా 220 అయింది! అక్టోబరులోనే చేసి ఉంటే ఆ రాత్రి గడిచేది. బ్యాటరీ మూడోవంతుకు దిగితే తీగ తగిలించాలి, సిగ్గుపడకూడదు అన్నది చివరి నియమం. అది మా ఆవిడ తన చేత్తో రాసింది.

నవంబరు సగటు రాబడి 190, డిసెంబరుది 100. జూన్ నెల మంచిరోజున ఇదే ప్యానెళ్ళు 1200 పైన ఇస్తాయి. అంటే పన్నెండోవంతు! మంచు పడ్డ రోజున నిచ్చెన ఎక్కి చీపురుతో ఊడ్చేదాకా అదీ లేదు. జనవరి చివర ఇంటికి తిరిగి వచ్చే రోజున గోడౌను మీటరు ప్రకారం లెక్కకట్టి డబ్బివ్వబోతే పెద్దాయన తీసుకోలేదు. మా ఆవిడ చేసిన గోంగూర పచ్చడి సీసా మాత్రం తీసుకుని, కారం తట్టుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే రెండో సీసా అడిగారు.

ఇప్పుడు యువ దంపతుల ప్రశ్నకు జవాబు. అమ్మేవాడు చెప్పినది సగం నిజం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, ఇద్దరికి, కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడితే, మూడు వందల వాట్ల ప్యానెళ్ళు చాలు. ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. అక్టోబరులో ఇబ్బంది. నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో ఈ దేశంలో కప్పు మీద సూర్యుణ్ణి ఒక్కణ్ణే నమ్ముకోవడం కుదరదు. కప్పు నిండా ప్యానెళ్ళు పరిచినా పొగమంచు వారంలో రెండో తీగ ఒకటి కావాలి. చలికాలంలో స్పెయిన్ వెళ్ళిపోయే జర్మన్లు ఊరికే వెళ్ళడం లేదు! మందులు, మిషన్లు మీద ఆధారపడేవారు ఇంట్లో ఉంటే, ముందు దాని లెక్క కట్టి, తర్వాత ఫ్రిజ్ లెక్క కట్టండి.

అంతమాత్రాన సూర్యుణ్ణి తక్కువ చేసి మాట్లాడుతున్నామనుకోవద్దు. 1839లో ఫ్రాన్సులో బెకెరెల్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు వెలుతురు నుంచి కరెంటు పుట్టడం చూశాడు. 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాలవాళ్ళు పనికొచ్చే సిలికాన్ సెల్ చేశారు. 1958లో వాన్‌గార్డ్ అనే చిన్న ఉపగ్రహం దాన్ని పైకి మోసుకుపోయింది. ఉపగ్రహాలకు తప్ప ఎవరికీ అందని వస్తువు అది ఆ రోజుల్లో. 2017లో మన కర్నూలు జిల్లాలో, ఓర్వకల్లు, పాణ్యం వైపు మెట్టనేలల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పనిలోకి వచ్చింది. 2022లో రామగుండంలో చెరువునీటి మీద తేలే వంద మెగావాట్ల ప్యానెళ్ళు పూర్తయ్యాయి. మా ఆవిడ చెరువు పోలిక విన్నవాళ్ళెవరో కట్టినట్టున్నారు!

ఫ్లాట్లలో ఉండే పాఠకులకు కూడా ఒక కబురు. జర్మనీలో 2024 నుంచి బాల్కనీకి కట్టుకునే చిన్న ప్యానెళ్ళ ఇన్వర్టర్ పరిమితిని 600 నుంచి 800 వాట్లకు పెంచారు. ఇంట్లోని ప్లగ్గుకే తగిలించుకోవచ్చు. మేము ఇంటికి రాగానే దక్షిణం బాల్కనీకి రెండు కట్టాం. నిలువుగా కట్టాం, వాలు సూర్యుడు తగిలేలా. ఆ పాఠానికి ఫీజు ముందే కట్టి ఉన్నాం కదా.

ఇప్పుడు గోడలో కరెంటు ఉంది, ఎంత కావాలంటే అంత. అయినా మా ఆవిడ పిండి మధ్యాహ్నం పన్నెండు దాటాకే రుబ్బుతుంది. మేము పడుకునే ముందు మిషను ప్లగ్గు ఒకసారి చేత్తో తడిమి చూసుకుంటాం. నవంబరులో పొగమంచు దిగిన సాయంత్రం పెద్దాయనకు ఒకసారి ఫోను చేసి "అంతా సరిపోతోందా?" అని అడుగుతాం. ఆయన "బ్రహ్మాండంగా!" అంటారు. అన్న తరవాత నవ్వుతారు.

గూడుబండ్లు నడిపిన పాఠకులు తమ లెక్కలు మాకు రాసి పంపితే వచ్చే నెల ఈ పేజీలోనే వేసుకుందాం. స్టాండు బిగించుకున్నవాళ్ళు, స్పెయిన్ పారిపోయినవాళ్ళు ముఖ్యంగా రాయాలి. అందాకా సెలవు.